మాట్లాడే పెట్టె

మెట్‌పల్లిలో శ్రీధర్‌రావు అంతటి ఇంజనీరు లేడు. ఆ మాట మొట్టమొదట అన్నది కూడా శ్రీధర్‌రావే.

తెలుగు చదివే మిషన్ కనిపెట్టిన మొదటి మనిషి తానేనని ఆయన ఏళ్లుగా చాటుకుంటున్నాడు. హాల్లో రేడియో అంత పెట్టె ఉంటుంది. దాని వైర్లు పరదా కింది నుంచి లోపలికి పోతాయి. ఆయనది దొరల ఇల్లు; లోపలి గదులు ఆడవాళ్లవి కాబట్టి, వచ్చినవాళ్లు హాల్లోనే కూర్చుని వింటారు. ఏది రాసిచ్చినా సరే, ఆయన ఆ కాగితాన్ని లోపల పెట్టి వచ్చి మీట నొక్కితే, పెట్టె గరగరమంటూ చదివేస్తుంది. పేపర్లు ఫొటోలు వేశాయి. ఎట్లా చదువుతుందని మరమగ్గాలవాళ్లు అడిగితే మాత్రం, "మీకేం సమజైతది, పోండి!" అని కసురుతాడు.

1987 ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి కమిటీ దిగింది. మిషన్ నచ్చితే, కొత్తగా పెట్టబోయే పరిశోధన కేంద్రానికి శ్రీధర్‌రావే డైరెక్టరు. ఆ కుర్చీ మీద బెంగతో ఆయనకు అన్నం కూడా సహించడం లేదు.

జీపు డ్రైవరు గేటు దగ్గర మంచినీళ్లు అడిగాడు. "ఆగు బిడ్డా, తెస్తున్న" అని లోపలి నుంచి పలికింది భార్య నిర్మలాదేవి. శ్రీధర్‌రావుకు ఒళ్లు మండింది. వంటింట్లోకి పోయి పళ్లు కొరికాడు.

"సిగ్గున్నదా నీకు? దొరల ఇంట్ల ఆడదాని గొంతు బయటోనికి ఇనబడుతదా? నోరు మూసుకొని ఉండు!"

"మంచిది" అంది ఆమె.

బుద్ధిలేని మనిషి, ఈ రోజే పరువు తీయాలా అని గొణుక్కుంటూ ఆయన హాల్లోకి వచ్చాడు. కమిటీ పెద్ద ఏదో రాసిచ్చాడు. కాగితం లోపల పెట్టి వచ్చి, దర్జాగా మీట నొక్కాడు. పెట్టె పలకలేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ.

"కరెంటు జర డిమ్ముగున్నది సార్."

"ఫ్యాను బాగానే తిరుగుతోందే!" అన్నాడు పెద్దాయన.

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. శ్రీధర్‌రావు పెట్టె మీద రెండు దెబ్బలు వేశాడు. పెద్దాయన విసుగ్గా లేచి చెప్పులు వేసుకున్నాడు. డైరెక్టరు పదవి కళ్లముందే గుమ్మం దాటిపోతోంది.

"ఒక్క నిమిషం సార్, చిన్న రిపేరు!" అంటూ పరదా వెనక్కి ఉరికి, మైకు ముందు మూతి బిగించుకుని కూర్చున్న భార్య కాళ్లు పట్టుకున్నాడు శ్రీధర్‌రావు: "నీకు దండం పెడుత నిర్మలా, గా కాగితం జర చదువు!"