ఊళ్ళో ఒకే ఒక్క నాణెం

"మీ చైనా నాణెం లాంటిదే సృజన్‌కి కూడా దొరికిందటండీ" అని లక్ష్మయ్య చెప్పగానే వీరరాఘవయ్య తింటున్న ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాడు.

జూబ్లీహిల్స్‌లో లక్ష్మయ్య ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున పాత నాణేలు పోగుచేసేవాళ్ళు కలుస్తారు. ఏది అసలో, ఏది నకిలీయో తేల్చే పెద్దరికం ఇరవయ్యేళ్ళుగా వీరరాఘవయ్యది. వెయ్యేళ్ళ కిందట చైనాను ఏలిన సోంగ్ రాజుల కాలం నాటి తన కంచు నాణెం లాంటిది హైదరాబాదులో ఇంకొకటి లేదని ఆయనే చాటుకున్నాడు, అందరూ సరేనన్నారు. మొన్న మొన్న హైటెక్ సిటీ ఉద్యోగి సృజన్ వచ్చి చేరాడు. కంప్యూటర్‌లో నేర్చుకుని చైనా అక్షరాలు గడగడా చదివేస్తాడు. ఇప్పుడు కాఫీ ముందు అతనికే అందుతోంది. అది చూసినప్పుడల్లా వీరరాఘవయ్యకు కడుపు మండిపోతుంది.

కృష్ణానగర్‌లో పాత షూటింగ్ సామాన్లు అమ్మేచోట, తుక్కు డబ్బాలో దొరికిందంటూ సృజన్ నాణెం అందించాడు.

"జర చూసి చెప్పండి సార్. మీరు అసలుదంటేనే నాకు నమ్మకం."

వీరరాఘవయ్య భూతద్దం పెట్టాడు. మధ్యనున్న చదరపు రంధ్రం మూలల్లో చిలుము నిజంగా పాతదిలాగే ఉంది. ఆ మాట పైకి అనడానికి ఆయనకు మనసొప్పలేదు. అంతలో అంచు దగ్గర ఆవగింజంత గుంట కనిపించింది. గబగబా తన నాణెం తీసి పక్కన పెట్టాడు. అదే చోట, అదే గుంట. ఆయన ముఖం వెలిగిపోయింది.

"పాత చైనా నాణేలు ఇసుక అచ్చుల్లో పోసేవారు. ఒకసారి పోశాక ఆ అచ్చు పగలగొట్టేస్తారు. అందుకని రెండు నాణేలకు ఒకేచోట గుంట పడదు. పడిందంటే, ఒకదాన్ని చూసి రెండోది పోసినట్టే."

పన్నెండేళ్ళ క్రితం ఒక సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళు తన నాణెం వారం రోజులు అరువు తీసుకున్న సంగతి అందరికీ చెప్పాడు. ఫైటింగ్‌లో విసరడానికి నకలు పోసుకుని ఉంటారు, ఆ నకలే ఇదన్నాడు. అక్కణ్ణుంచి తిరిగొచ్చాక తన నాణేన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదన్నాడు. నకిలీ దాచుకున్నవాడు ఈ మేడ ఎక్కకూడదన్న నియమాన్ని కూడా, ఎవరూ అడక్కుండానే గుర్తుచేశాడు.

సృజన్ ముఖం చిన్నబోయింది. అయినా నేర్చుకోవాలన్న ఆశ చావలేదు.

"నకలు ఏదో ఎట్ల తెలుస్తది సార్?"

ఆ ప్రశ్న వీరరాఘవయ్యకు పాయసం తాగినంత హాయినిచ్చింది.

"పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది బాబూ. నకలెప్పుడూ అసలుకన్నా వెంట్రుకవాసి చిన్నదే. అందరూ దగ్గరికొచ్చి చూడండి."

కుర్చీలు దగ్గరికి జరిగాయి. ఆయన ఒక నాణెం మీద ఇంకొకటి పెట్టి, తీర్పు చెప్పమని భూతద్దం లక్ష్మయ్యకిచ్చాడు. లక్ష్మయ్య వంగి చూశాడు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

చిన్నది వీరరాఘవయ్యది.