తనకు తాను వేసుకున్న ఒకటి

“సిస్టర్, ఇక్కడ పొరపాటున ఒకటికి గుర్తు పెట్టినట్టున్నరు,” అంది సుహాసిని.

“పొరపాటు కాదు మేడం.”

దవాఖానలో నర్సులు కూర్చునే గదిలో ఇద్దరే ఉన్నారు. సుహాసిని వనపర్తిలో నర్సింగ్ పాఠాలు చెబుతుంది. నర్సుల సమగ్ర సామర్థ్యాన్ని కొలిచే ఒక విదేశీ ప్రశ్నావళిని తెలుగులోకి మార్చింది. ఆ తెలుగు నర్సులకు సరిగ్గా అర్థమవుతోందా లేదా అని ఇప్పుడు ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుంటోంది. ఒకటి అంటే అసలు చేతకాదని, ఐదు అంటే బాగా వచ్చని లెక్క. ఈ దవాఖానలో నర్సుగా చేస్తున్న బాలమణి కూడా వనపర్తిలోనే, హాస్టల్లో ఉండి పెరిగిన మనిషి కావడంతో ఇద్దరికీ మాట త్వరగానే కలిసింది. అన్నిటికీ నాలుగో ఐదో వేసుకున్న బాలమణి ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఒకటి వేసుకుంది.

‘రోగిని రోగంగా కాక, మనిషిగా చూస్తాను.’

“తెలుగు సరిగ్గ కుదరలేదా? మార్చమంటరా?”

“తెలుగు మంచిగనే ఉంది. నాకే చేతగాలే.”

బాలమణి కిటికీ వైపు తిరిగింది.

“మొన్న వానకాలం లింగాల దిక్కు అడివిలకెంచి ఒక ముసలామె వచ్చింది. ఈదమ్మ. చెంచామె. ఊపిరాడక మస్తు పరేషాన్ అయితుండె. మావోళ్లు ‘అడివోళ్లు వచ్చిండ్రు’ అని ముక్కులు మూసుకున్నరు. వాళ్లతోటి నేను గూడ నవ్విన.”

సుహాసిని పెన్ను పక్కన పెట్టింది. “తర్వాత సరిగ్గ చూసుకోలేదా?”

“చూసుకున్న. ఒళ్లు తుడిసిన. తల దువ్విన. నా చేతులతోనే జావ తాపిన. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకపోతుంటి. బాలమణి మనసు ఎంత మంచిదో అన్నరు అందరు.”

“మరింకేంది? అది ఐదే గద!”

“నీకెవరన్న ఉన్నరా అని డాక్టర్ సారు అడిగిండు. ఆమె నా దిక్కు జూసి, ఎవ్వలు లేరు సారూ అన్నది.”

బాలమణి కిటికీ మీంచి చూపు తిప్పి కాగితం వైపు చూసింది.

“ఆఖరుకు నా చెయ్యి వట్టుకొని, ఒక్కపారి నోరార పిలువు బిడ్డా అన్నది. చుట్టు అందరున్నరు. ‘ఏం గాదు అవ్వా, పండుకో’ అన్న. గంతే. మాపటికల్లా పోయింది.”

సుహాసిని లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“జర నా మాట ఇనండి సిస్టర్. ఈడికొచ్చే ముసలోళ్లందరు మనల్ని బిడ్డా అనే పిలుస్తరు. అందరిని మనసుకు తీసుకుంటే మనం కొలువు చెయ్యగలమా? ముక్కు మొఖం తెల్వని మనిషికి గంత సేవ ఎవరు చేస్తరు? అది కొట్టేసి ఐదు వెయ్యండి.”

బాలమణి ఆ కాగితం మీద అరచేయి అడ్డం పెట్టింది.

“ఆమె మా అమ్మ, మేడం.”