తొడుగు లేని చేతులు

ఈరోజు ఇంట్లో చిన్నమ్మ, నేను, కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన సారు ఉన్నాం.

ఇప్పుడు ఏ పనైనా కంపెనీ అమ్మే, వేళ్లను తానే కదిలించే చేతితొడుగే నేర్పాలి. మనిషికి మనిషి నేర్పితే, నేర్పినవాళ్ల మగ్గం తీసుకుపోతారు. తెగిన పోగును నేను తొడుగు లేకుండా అతకడం సారు చూశారు.

"ఎవరు నేర్పిన్రు పిల్లా?"

నా వేళ్లు పట్టుకుని నేర్పింది చిన్నమ్మే. ఆమె వైపు చూశాను.

"నా దిక్కు చూస్తవేందే? తల్లి లేదని తెచ్చి సాదితే, దొంగచాటుగ చూసి నేర్చుకున్నది సార్!" అంది చిన్నమ్మ.

"అట్లయితే ఇది ఈ ఇంట్ల ఉండొద్దు. మగ్గం కావాల్నా, పిల్ల కావాల్నా?" అన్నారు సారు.

చిన్నమ్మ నన్ను రెక్క పట్టుకుని గడప దాటించింది.

"చిన్నమ్మా, నా చెప్పులు లోపలున్నయి," అన్నాను.

ఆమె తలుపు మూసేసింది.