జవాబు రాలేదు

"చీటీ రాసేది ఇంగ లేదమ్మా. ఈ పొద్దుటి నుంచి కంప్యూటర్‌లో ఎక్కితేనే ట్యాంకరు" అన్నాడు నీళ్ళ సంఘం కార్యదర్శి జయరాముడు.

నాగలక్ష్మమ్మ కదల్లేదు. "మా ఊరు గువ్వల కొట్టాలలో బోరెండి తొమ్మిది దినాలాయ సామీ. ముప్పై ఇండ్లు. పసిబిడ్డలుండారు. పంపుతారో లేదో చెప్పు, పోతా."

జయరాముడు కంప్యూటర్ ముందున్న సర్ఫరాజ్ వైపు వేలు చూపించాడు. ట్యాంకర్లు బుక్ చేసే వెబ్‌సైట్ తయారు చేసింది ఆ కుర్రాడే. సైటు నడిచే మిషను అనంతపురంలోని ఈ ఆఫీసులో ఉంది. ట్యాంకర్ల డేటాబేస్ మాత్రం రాప్తాడు దగ్గర షెడ్డులో, పాత కంప్యూటర్‌లో ఉంది. ఇక్కడ బుక్ చేస్తే అక్కడికి చేరాలి. చేరితే షెడ్డులో ఉండే ఆంజి బండి పంపుతాడు; చేరినట్టు ఇక్కడికి జవాబొస్తుంది.

సర్ఫరాజ్ ఊరి పేరు కొట్టి బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. 'జవాబు రాలేదు' అని ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"ఏమప్పా, నిన్న నీ ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసె గదా?" అన్నాడు జయరాముడు.

"నిన్న రెండూ ఒకే దాంట్లో ఉండె సార్. ఇప్పుడు ఈడ లినక్స్, ఆడ విండోస్. రెండిటికీ పొత్తు కుదర్లేదు."

"వాటికి పొత్తు కుదిరేదాకా మేము గొంతు తడుపుకోకూడదా?" అంది నాగలక్ష్మమ్మ. "అమ్మ పెట్టదు, అడుక్కు తిననీదు అన్నట్టుండాది మీ యవ్వారం."

సర్ఫరాజ్ ఆంజికి ఫోన్ చేశాడు. ఆంజి మనిషి మంచివాడే గానీ, పనిలో పడితే ఫోన్ ఎత్తడు.

ఒక సెట్టింగు మార్చి నొక్కాడు. జవాబు రాలేదు. ఇంకోటి మార్చి నొక్కాడు. అదే మాట. జయరాముడు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాడు. కుర్రాడు కుర్చీ దిగలేదు, ఆమె గడప దాటలేదు. మధ్యలో సంగటి మూట విప్పి, "నువ్వూ ఒక ముద్ద తిను నాయనా, పొద్దుటి నుంచి పస్తుండావు" అని చేతిలో పెట్టింది. అతనికి ఆమె తిట్టినా బాగుండేదనిపించింది.

మూడు గంటలకు ఏడోసారి నొక్కాడు. జవాబు రాలేదు.

ఐదు దాకా వైర్లు పీకి పెట్టి చూశాడు. "అవ్వా, నా చేత కాలేదు" అన్నాడు తల దించుకుని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ తప్పేముండాది లేప్పా. మా రాత" అంటూ ఆమె మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. ఊళ్ళో వాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలా అనేదే ఆమె దిగులు.

అంతలో బల్ల మీద జయరాముడి ఫోన్ మోగింది. విని, "ఇంగోసారి చెప్పమ్మా" అని స్పీకర్ పెట్టి నాగలక్ష్మమ్మ ముందుకు జరిపాడు.

"సార్, నేను నాగలక్ష్మమ్మ కోడలు సువర్ణను. మీ నంబరు దొరికేసరికి ఈ యాళయింది. మా అత్త ఆడుంటే, ఇంగ అడగొద్దని చెప్పండి. ఏడో ట్యాంకరొచ్చి నిలబడుండాది, పట్టుకునేదానికి కొట్టాల మొత్తం మీద ఒక్క బిందె ఖాళీ లేదు."