గేటు దగ్గర ఆగిన బొండాలు

"సంచి ఇలాగియ్యమ్మా," అన్నాడు గేటు దగ్గరి ముసలాయన.

గౌరి ఇవ్వలేదు. ఆయనే సంచిలో చెయ్యి పెట్టి రెండు కొబ్బరి బొండాలూ తీసి పక్కన పెట్టేశాడు.

"అవి మా ఆయన కోసం తెచ్చినవి బావూ. మా సెట్టువే, దొంగసొత్తు కాదు."

"మీ ఆయన కోసమే తీసినాను తల్లీ. ఆ నీళ్లు తాగితే పేణం మీదికొత్తాది."

గౌరికి ఒళ్లు మండింది. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ల సంగతి చెబుతున్నాడీయన. అక్కడ జ్వరమొచ్చినా, పురుడొచ్చినా చూడ్డానికి వచ్చేవాళ్ల చేతిలో బొండాం ఉండాల్సిందే.

అసలు ఆ రోజు వాళ్లు పలాసలో రైలెక్కింది నర్సింగ్‌హోములు చూసుకోవడానికి. గౌరి భర్త సూర్యానికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ అంటే విశాఖపట్నమే పోవాల్సిన రోజులవి, 2001లో మాట. ఎక్కడ చేర్చాలో తేల్చే పని గౌరి తమ్ముడు లోకనాథ్ నెత్తిన వేసుకున్నాడు. టెక్కలి కాలేజీలో డిగ్రీ చదివినవాడు కదా, పెళ్లిసంబంధాలు చూసినంత శ్రద్ధగా చూశాడు.

మొదటిదాంట్లో పాలరాయి, లిఫ్టు, హాల్లో రంగుచేపల తొట్టి. రెండోదాంట్లో డాక్టరు పైదేశంలో చదివొచ్చాడట గానీ మంచం ఖాళీ లేదు. మూడోది ఇది, ఒక్క కిడ్నీ జబ్బులకే. ఇరుకు మెట్లు, ఫినాయిల్ వాసన, పైగా గేట్లో సంచులు వెతికే ముసలాయన.

లోకనాథ్ చేపల తొట్టికే ఓటేశాడు. కానీ ఆయాసంతో సూర్యం ఈ ఇరుకు మెట్ల మీదే కూలబడిపోయాడు. లేచే ఓపిక లేక ఇక్కడే చేర్చారు.

ఊరెళ్లి వచ్చినప్పుడల్లా గౌరి బొండాలు తెచ్చింది. తెచ్చినప్పుడల్లా ఆయన తీసేశాడు. ఒకసారి దుప్పట్లో చుట్టి తెస్తే అదీ పట్టేశాడు.

రోజుకు రెండు గ్లాసుల నీళ్లు మించకూడదని డాక్టరు చెప్పిన మాట నిజమే. కొబ్బరినీళ్లు నీళ్లెలా అవుతాయి? అవి చలవ, అవి బలం. నాలుక పిడచకట్టుకుపోయి సూర్యం ఒక్క బొండాం అడుగుతుంటే ఆమెకు ఏడుపాగేది కాదు.

ఒకరోజు తన బొండాన్నే ఆ ముసలాయన కొట్టి రిక్షావాడి చేత తాగిస్తుంటే కళ్లారా చూసింది. ఇంకేముంది, దొంగ దొరికాడు. పైకెళ్లి నర్సు ఇవాంజెలిన్‌తో మొరపెట్టుకుంది. ఆ అమ్మాయిది టెక్కలే. మన వైపు పిల్ల, వెళ్లి నాలుగు దులుపుతుందనుకుంది. ఆయన్నేమీ అనొద్దని చెప్పి, తల దించుకుని వెళ్లిపోయిందా అమ్మాయి.

"గేటుకాడే దోపిడీ అయితే లోపల వైద్దెమేటి సేత్తారప్పా?" అన్నాడు లోకనాథ్.

మరుసటి వారం బావను చేపల తొట్టికి మార్చేశాడు.

అక్కడి వాచ్‌మన్ ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు. బొండాల సంచిని తనే లిఫ్టు దాకా మోసి పెట్టాడు. మనుషులంటే ఇలా ఉండాలి అనుకుంది గౌరి.

సూర్యం మూడు బొండాలు తాగాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

సాయంత్రానికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. గుండె కొట్టుకోవడం మందగించింది. డాక్టర్లు పరుగు మీద వచ్చి మెషిన్ మీద పెట్టారు. మెషిన్ తిరుగుతున్నంతసేపూ గౌరి తాళి కళ్లకద్దుకుంటూ గోడవార కూర్చుంది.

గండం గడిచాక డాక్టరు ఏం తాగించారని అడిగాడు. చెప్పింది. ఆ నీళ్లలో ఒక రకం ఉప్పు ఉంటుందట. మంచి కిడ్నీలు దాన్ని బయటికి తోసేస్తాయి. చెడిపోయిన కిడ్నీలు తోయలేవు, అది ఒంట్లోనే పేరుకుని గుండెని ఆపేస్తుందట. ఇన్నాళ్లూ ఇవ్వలేదా అని కూడా అడిగాడాయన.

ఇవ్వలేదు. ఒకాయన ఇవ్వనివ్వలేదు.

ఆ గేటు దగ్గర బొండాలు ఆగిన ప్రతిసారీ తన తాళి నిలబడిందని గౌరికి అప్పుడు తెలిసింది. ఆయన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

సూర్యం లేచి కూర్చున్నాక, తన జీడితోట పప్పు వేయించి డబ్బాలో పోసుకుని ఆ ఇరుకు మెట్ల నర్సింగ్‌హోముకు బయల్దేరింది. ఆయన కాళ్లకు దండం పెట్టాలనే వెళ్లింది.

గేట్లో ఎవరూ లేరు. ఎవరో ఆడమనిషి రెండు బొండాలు పట్టుకుని లోపలికి పోతోంది. అడిగేవాళ్లు లేరు.

గౌరి పరుగెత్తుకెళ్లి ఆవిడ సంచి పట్టుకుంది.

"నువ్వెవరమ్మా ఆపడానికి?" అందావిడ.

"నీ మేలు కోరేదాన్నే. లోపల ఎవులికి తెచ్చినావో ఆలకి ఈ నీళ్లొద్దు," అంది గౌరి. సంచి మాత్రం వదల్లేదు.

మెట్లు దిగి వస్తున్న ఇవాంజెలిన్ ఇదంతా చూసింది. ఆవిడకు నచ్చజెప్పి బొండాలు పక్కన పెట్టించింది. ముసలాయన కిందటి ఆదివారం నిద్రలోనే పోయాడని గౌరితో మెల్లగా చెప్పింది.

గౌరి కళ్లు తుడుచుకుని జీడిపప్పు డబ్బా ముందుకు చాపింది.

"మీ వాచ్‌మన్‌కి పిల్లలుంటే ఆలకియ్యమ్మా. ఆయన పెట్టిన బిచ్చమే మా ఆయన."

ఇవాంజెలిన్ డబ్బా అందుకోలేదు.

"ఆయన మా వాచ్‌మన్ కాదప్పా, మాకసలు వాచ్‌మనే లేడు. హరిశ్చంద్రపురం రైతు, ఎడ్వర్డ్ తాత. ఆయన భార్య దోర్కాసమ్మ మీ ఆయన పడుకున్న మంచం మీదే పోయింది. ఆ పొద్దు సొంత సెట్టు బొండాం కొట్టి ఆవిడకి తాగించింది ఆయనే."