గడ్డ మీద డ్యూటీ

"ఎక్కవయ్యా! ముప్పై ఏండ్లు ఎక్కినోనివి, ఇయ్యాల ఏంది గట్ల జూస్తున్నవ్?"

అప్పటికే పుట్టిలో కూర్చున్న శాంతవ్వ మొగుణ్ని పిలిచింది. సిద్దిరాములు ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు గాలిలో పెట్టి నిలబడ్డాడు. పెద్ద బుట్టలా గుండ్రంగా ఉన్న ఆ పుట్టి నీళ్ల మీద ఊగుతోంది.

"మోకాళ్లే. నొస్తున్నయి," అన్నాడు.

పుట్టి నడిపే భీమ్‌సింగ్ చెయ్యి అందించాడు. ఇంకేం చేస్తాడు, కళ్లు మూసుకుని ఎక్కాడు. అసలు సంగతి ఏమిటంటే, సిద్దిరాములు జన్మలో నీళ్ల మీదికి వెళ్లడం ఇదే మొదటిసారి.

ముప్పై ఏళ్లు నీళ్ల ఆఫీసులో లష్కరుగా చేశాడు. ప్రాజెక్టు నీళ్ల నడుమ దీవిలాంటి ఒక గడ్డ, దాని మీద అడుగుల గుర్తులున్న స్తంభం. ప్రతి శనివారం అక్కడికి పోయి నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి రాసుకుని రావాలి. ఉద్యోగమంటే అంతే. కానీ పదేళ్లప్పుడు బావిలో పడి చావు తప్పించుకున్న మనిషి, నీళ్లు చూస్తే కాళ్లు చల్లబడతాయి. అందుకని అప్పట్లో పుట్టి నడిపే భీమ్‌సింగ్ తండ్రి లక్పతి ఒక్కడే పోయి చూసొచ్చేవాడు. సిద్దిరాములు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని, సాయంత్రం లక్పతి చెప్పిన అంకె రాసుకునేవాడు. లక్పతి మంచివాడు. ఆఫీసులో నోరు విప్పలేదు, పోయిన నెల కొడుక్కీ చెప్పకుండానే కన్నుమూశాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది! రామారెడ్డిలో ఇల్లు చేరి, బీడీలు చుడుతున్న పెళ్లాం ముందు కూర్చుని మొదలుపెట్టేవాడు. ఈ వారం మొసలి అడ్డమొచ్చిందట. పోయిన వారం సుడిలో పడితే లక్పతిని జుట్టు పట్టి తనే గుంజాడట. గడ్డ మీద తనకో గుడిసె కూడా ఉందట. శాంతవ్వ ఆకు కత్తిరిస్తూ "అయ్యో! మరెట్ల?" అనేది. ఆ ఒక్క "అయ్యో" కోసం వారమంతా బతికేవాడు. ఆఫీసులో పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అతనికున్న ఇజ్జత్ అంతా ఆమె దగ్గరే ఉంది.

"నన్నొక్కసారి తోల్కపో," అంటే, "ఆడోళ్లను ఎక్కనియ్యరు, రూలు," అనేవాడు. మొన్న జూన్‌లో రిటైరయ్యాడు. రూలూ దానితోనే పోయింది. రెండు నెలలు మోకాళ్లని, ముసురని ఆపాడు. ఈ రోజు పొద్దున్నే శాంతవ్వ కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. రామారెడ్డి నుంచి కామారెడ్డి, అక్కడి నుంచి ఎల్లారెడ్డి, తర్వాత ఆటో. తెలంగాణ ఇచ్చేసిండ్రని ఆటోవాడు దారి పొడుగునా సంబరంగా చెబుతున్నా, నడుములు పడిపోయి ఇద్దరూ ఊ కొట్టలేకపోయారు.

పుట్టి గిరగిరా తిరుగుతూ సాగింది. సిద్దిరాములు రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు.

"మొసలి యాడ అడ్డమొచ్చింది?" అంది శాంతవ్వ.

"గా... గా దిక్కు." చెయ్యి వదలలేక గడ్డంతో చూపించాడు.

"బాపూ, గీడ మొసళ్లు..." భీమ్‌సింగ్ ఏదో అనబోయాడు.

"నువ్వు ముందల జూసి నడుపు కొడుకా," అందామె.

సిద్దిరాములు ఊపిరి పీల్చుకున్నాడు.

గడ్డ మీద దిగితే తుమ్మ చెట్లు, సీతాఫలం పొదలు, బురద. గుడిసె లేదు, ఉన్న గుర్తూ లేదు. స్తంభం ఏ మూలన ఉందో అతనికి తెలిస్తే కదా! ఎటు అడుగేసినా దొరికిపోతాడు.

"గుడిసేది?"

"అది... వానలకు కొట్కపోయింది."

"పోదా మరి! ఎన్నేండ్ల గుడిసె," అంటూ శాంతవ్వ పొదలు తప్పించుకుని ఎడమవైపు నడిచింది. "ఇగో, గీ స్తంభమేనా?"

"గదే, గదే!" ఈ రోజు తన అదృష్టం బాగుందనుకున్నాడు.

దగ్గరికి పోయి చూశాడు. రంగు పోయిన అంకెలు. నీళ్లు పదిహేడు దగ్గరున్నాయి. ముప్పై ఏళ్లు రాసిన అంకెల్ని మొదటిసారి వేలితో తడిమాడు. ఎందుకో ఏడుపొచ్చింది. ఇంకా ఎన్నాళ్లు మోయాలి ఈ అబద్ధాన్ని అనిపించింది.

"శాంతా, నీకొక మాట జెప్పాలె. నేను..."

"జెప్తువుగని, ముందు కూసో. మోకాళ్లు నొస్తున్నయంటివి."

"అది గాదే. గీ ముప్పై ఏండ్లు నేను..."

"ఇగ చాలయ్యా. నువ్వు గడ్డకొచ్చినవ్, నేను కండ్లార జూసిన. గంతే."

అతను కూర్చుండిపోయాడు. చెప్పలేకపోయినందుకు సిగ్గుగానూ ఉంది, ప్రాణానికి హాయిగానూ ఉంది.

వాపసు వచ్చేటప్పుడు ఒక్క చేత్తోనే అంచు పట్టుకున్నాడు. ఒడ్డు తగలగానే అందరికన్నా ముందు దిగాడు.

"సూసినవా భీమ్‌సింగ్, ముప్పై ఏండ్ల అలవాటు!" అంటూ ఆటో కోసం కట్ట ఎక్కాడు.

భీమ్‌సింగ్ శాంతవ్వ చెయ్యి పట్టి దింపాడు.

"బాపు కన్న నువ్వే ధైర్యంగ కూసున్నవ్ అవ్వా. మొదటిసారి ఎక్కినోళ్లు మస్తు లొల్లి జేస్తరు."

శాంతవ్వ కట్ట మీద నడుస్తున్న మొగుణ్ని ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇరవై ఏండ్ల కింద ఈయనకు సద్ది ఇద్దామని గా గడ్డ దాక పోయిన కొడుకా. ఆడ స్తంభమొక్కటే ఉండె."