మీటరు ముల్లు

మెర్సీ తన భర్త గిటారు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "అన్నా, ఆయన వాయిస్తే దీని గొంతు జలుబు చేసినట్టుండేది. ఇప్పుడు అందరి గిటార్లలాగే మోగుతోంది. పాత గొంతు తెప్పించు" అంది.

కాజీపేటలో గిటార్లు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. వెనక మూత విప్పాను. ఆమె భర్త స్టీఫెన్ బతికుండగా, చర్చిలో వాయించే రోజుల్లో, పాత రేడియోలోంచి పీకిన కెపాసిటర్ అతికించి, వైర్లు తిప్పి కలిపి ఆ గొంతు తెప్పించాడు. అన్నీ అలాగే ఉన్నాయి. అయినా ఆమె కోసం మళ్లీ టంకం పెట్టాను.

స్క్రూడ్రైవరుతో తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్ మీద తట్టాను. ఒకప్పుడు స్పీకర్లో టక్కుమంటే పికప్ బతికుందని తెలిసేది. అందరి చెవుల్లో శబ్దాన్ని శుభ్రం చేసే గింజలు పెట్టాక ఆ టక్కు రొద కింద లెక్క. గింజ దాన్ని మింగేసి, మిగతాదంతా సాపుచేసి లోపలికి పంపుతుంది. గింజ తీయిస్తే ఇక చెవుడే. అందుకని గిటారుకు మీటరు తగిలించి, ముల్లు చూసి పని చేస్తున్నాను. ముల్లు ఎగిరింది.

"గిటారు మారలేదు చెల్లెమ్మా. దాని గొంతు మన లోపలికి రావట్లేదు, అంతే."

ఆమె తీగ మీటింది. కడిగిన గాజుగ్లాసులాంటి శబ్దం వచ్చింది. మళ్లీ మీటి, ఊగుతున్న ముల్లును చాలాసేపు చూసింది.

"ఆయన వాయించినప్పుడు కూడా ఇది ఇలాగే ఊగేదా అన్నా?"

"ఏమో చెల్లెమ్మా. అప్పుడు వింటూ కూర్చున్నాం. ముల్లునెవరు చూశారు?"